నాటకం ఊరిది, బాధ్యత ఎవరిది?

వానాకాలం పంట ఇల్లు చేరి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పల్లెల్లో నాటకం మాట మొదలవుతుంది. మల్దకల్ తిమ్మప్ప జాతర, అయిజ తిక్కవీరేశ్వరస్వామి జాతర, సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, శ్రీరంగాపురం రంగనాయకస్వామి ఉత్సవం, లేదంటే ఊరి బొడ్రాయి పండుగ. సందర్భం ఏదైనా ఒక రాత్రి హరిశ్చంద్రుడో, బాలనాగమ్మో, కృష్ణ రాయబారమో గద్దె ఎక్కుతుంది. ఆడేవాళ్లు రైతులు, కూలీలు, మేస్త్రీలు, చిన్న ఉద్యోగులు. వాళ్ల జట్టుకు బోర్డు ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు. ఉన్నదల్లా ఒక మాస్టరు, ఒక హార్మోనియం, పది పదిహేను మంది మనుషులు, వాళ్ల మధ్య నమ్మకం.

ఆ నమ్మకంతోనే తరాల తరబడి నాటకం బతికింది. కానీ గద్దె విరిగి ఒకరికి నడుము పడిపోతే, మైకు పట్టుకున్న చేతికి కరెంటు కొడితే, తెల్లవారుజామున తిరిగొచ్చే బండి బోల్తా పడితే ఆ నష్టాన్ని ఎవరు మోయాలి? ఈ ప్రశ్నను చట్టం ఎలా చూస్తుంది, ఇప్పుడున్న రక్షణలు ఎంతవరకు పనికొస్తాయి, మిగతా చోట్ల ఏం జరిగింది, మనం చేయగలిగింది ఏమిటి అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం పని. ముందుగా ఒక మాట చెప్పాలి. జట్టుకు కాగితం మీద పేరు లేనంత మాత్రాన బాధ్యత మాయం కాదు. అది ఒక్క మనిషి నెత్తిన పడుతుంది. దెబ్బ తిన్నవాడికి మాత్రం అడగడానికి ఎవరూ మిగలరు.

ఏ జట్ల సంగతి?

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయాయి. ఇక్కడి ప్రదర్శన కళలను స్థూలంగా మూడు పాయలుగా చూడవచ్చు. మొదటిది కులవృత్తిగా కళను మోస్తున్నవాళ్లది. చిందు భాగవతులు, బుడగ జంగాలు, శారదకాండ్లు ఈ కోవలోకి వస్తారు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్నారు. అంతటి గుర్తింపు వచ్చిన కళాకారుడు కూడా కూలి పనికి వెళ్తున్నారని 2024లో వార్తలు వచ్చాయి. గుర్తింపు వేరు, భద్రత వేరు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రెండో పాయ పద్య నాటకం మీద మక్కువతో ఊరివాళ్లు కట్టుకున్న జట్లు. ఇక్కడ చాలాచోట్ల వేషగాడికి డబ్బు రాదు, వేషం కోసం అతనే ఎంతో కొంత చెల్లిస్తాడు. ఆ సొమ్ముతో మాస్టరుకు, తబలాకు, అద్దె దుస్తులకు, బయటినుంచి పిలిపించిన స్త్రీ పాత్రధారులకు ఇస్తారు. చదివింపులు వస్తే ఖర్చులకు కలిసొస్తాయి. మూడో పాయ ప్రచార కళాజాతలది. వీళ్లలో తెలంగాణ సాంస్కృతిక సారథిలో చేరినవాళ్లకు జీతం, యజమాని ఉన్నారు. మిగతావాళ్లందరూ ఏ రాత్రికి ఆ రాత్రి ఒప్పందం మీద బతికేవాళ్లే. ఈ వ్యాసం ముఖ్యంగా మొదటి రెండు పాయల గురించి.

ప్రమాదం ఎక్కడెక్కడ ఉంది

అన్నిటికన్నా ముందు కరెంటు గురించి చెప్పుకోవాలి. పల్లె నాటకానికి కరెంటు ఎలా వస్తుందో దగ్గరగా చూస్తే భయం వేస్తుంది. గుడి దగ్గరి స్తంభం నుంచి ఒక తీగ లాగుతారు. మధ్యలో రెండు మూడు అతుకులు, వాటి మీద టేపు చుట్టలు. దుమ్ము లేవకుండా గద్దె ముందు నీళ్లు చల్లుతారు, నడిరేయి దాటాక మంచు కురుస్తుంది. ఆ తడి నేల మీద వట్టి కాళ్లతో, చెమట పట్టిన చేత్తో వేషగాడు ఇనుప స్టాండు మైకు పట్టుకుంటాడు. ఒక్క అతుకు ఊడి స్టాండుకు తగిలితే చాలు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే బ్రేకరు ఒకటి బిగించి ఉంటే లీకేజీ మొదలైన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. ఆ పరికరం ఖరీదు ఒక రాత్రి మైకు సెట్టు అద్దె పెట్టగలిగినవాళ్లు భరించలేనిది కాదు. అయినా అది మన మైకు సెట్ల వాళ్ల దగ్గర అరుదుగా కనిపిస్తుంది. పైగా స్తంభానికి కొక్కెం వేసి కరెంటు తీసుకోవడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం. దాని వల్ల ప్రమాదం జరిగితే పరిహారం అడిగే నోరు కూడా పోతుంది. తాత్కాలిక కనెక్షన్ తీసుకునే పద్ధతి ఉన్నా దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ.

తర్వాత నిప్పు. రాక్షస వేషం ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేస్తుంది. గాల్లో తేలే ప్రతి రేణువూ ఒక్కసారిగా అంటుకోవడమే దీని వెనకున్న కిటుకు. జనం ఈలలు వేసేదీ అక్కడే. పాత తరం భాగవతులు ఇది ఆరుబయట, చుట్టూ పరదాలు లేకుండా, నేత బట్టలతో చేసేవారు. ఇప్పుడు గుగ్గిలం పాతదే, చుట్టూ ఉన్నవన్నీ మారాయి. పాలిస్టర్ దుస్తులు, నైలాను జుట్టు, ప్లాస్టిక్ పూసలు, నెత్తి మీద సింథటిక్ షామియానా వచ్చాయి. పాలిస్టర్ అంటుకుంటే కరిగి ఒంటికి పట్టుకుంటుంది. ఆనవాయితీగా వస్తున్నదే కదా అని చేసే పని, చుట్టూ వస్తువులు మారినప్పుడు మునుపటంత క్షేమం కాదు.

షామియానా ఎంత ప్రమాదమో 1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీ చూపించింది. ఒక పాఠశాల వార్షికోత్సవంలో పందిరికి నిప్పంటుకుని 400 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. 2009లో పంజాబ్, హర్యానా హైకోర్టు పాఠశాల యాజమాన్యంతో పాటు ప్రభుత్వ విభాగాలనూ పరిహారానికి బాధ్యులను చేసింది. 2005 సెప్టెంబర్ 5న ఈజిప్టులోని బెని సుయెఫ్‌లో చిన్న నాటక బృందాల ఉత్సవం జరుగుతుండగా కొవ్వొత్తి మంట కాగితపు అలంకరణకు అంటుకుని 40 మందికి పైగా కళాకారులు, ప్రేక్షకులు బలయ్యారు. రెండు చోట్లా పెద్ద యంత్రాలు లేవు, మందుగుండు లేదు. తేలిగ్గా అంటుకునే గుడ్డ లేదా కాగితం, చిన్న నిప్పు, ఇరుకు దారి ఉన్నాయంతే.

గద్దె సంగతి కూడా చిన్నది కాదు. ట్రాక్టర్ ట్రాలీలు రెండు జోడించి పలకలు పరచడం, డ్రమ్ముల మీద చెక్కలు వేయడం మామూలు. పది మంది ఒకేసారి అడుగులు వేసినప్పుడు ఎంత బరువు ఆపగలదో ఎవరూ చూడరు. సురభి వాళ్ల సంగతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ నాటక సమాజంలో తీగల మీద నారదుడు ఆకాశం నుంచి దిగుతాడు, గాల్లో బాణాలు ఢీకొంటాయి. తాడు లాగే చెయ్యి, తాడుకు వేలాడే మనిషి ఒకే కుటుంబంవాళ్లు, పుట్టినప్పటి నుంచి ఆ పనిలోనే పెరిగినవాళ్లు. ఆ సాధన లేకుండా ఆ మాయను మాత్రమే అనుకరించబోవడం ప్రాణాలతో చెలగాటం. ఉరి సన్నివేశాల విషయంలో ఇది మరీ నిజం. 2022లో కర్ణాటకలోని చిత్రదుర్గలో బడి నాటకం కోసం భగత్‌సింగ్ ఉరి ఘట్టాన్ని ఇంట్లో అభ్యాసం చేస్తూ ఒక బాలుడు చనిపోయాడు. ఇలాంటి ఘటనలు మన దేశంలో మళ్లీ మళ్లీ వార్తల్లోకి వస్తున్నాయి. ఉరి ఘట్టాన్ని అసలు తాడు మెడకు తగలకుండానే ఆడాలన్నది ప్రతి మాస్టరూ పెట్టుకోవలసిన నియమం.

రంగు గురించి ఒక మాట. పాత పద్ధతిలో ముఖానికి వాడే అరిదళం ఆర్సెనిక్ కలిసిన ఖనిజం. ముర్దారుసింగి సీసం కలిసినది. చెమటలో కరిగి కళ్లలోకి, నోట్లోకి పోతే ఏళ్ల తరబడి ఒంట్లో చేరే విషాలు ఇవి. సంప్రదాయం పేరుతో వీటిని ఇంకా వాడుతున్న చోట మానిపించడం అత్యవసరం.

ఇక దారి. జట్టు సామాను ట్రాలీ ఆటోలోనో డీసీఎంలోనో ఎక్కిస్తారు, మనుషులు కూడా దాని మీదే ఎక్కుతారు. రాత్రంతా ఆడి నిద్రమత్తులో ఉన్నప్పుడు ప్రయాణం. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తాల మీదుగా సాగే 44వ జాతీయ రహదారి ఎలాంటిదో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబర్ 30న తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెం వద్ద వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయిన విషాదం ఈ దారిలోనే జరిగింది. నాటక జట్లకు ఈ ప్రయాణంలో ఇంకో చిక్కు ఉంది. సరుకు రవాణా వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ పరిహారం చెల్లించాల్సిన పని లేదని 2002లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణతో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి రక్షణ దక్కింది. అయితే ట్రాలీలో కూర్చున్న పదిహేను మందీ సరుకు యజమానులమంటే కోర్టు ఒప్పుకుంటుందని ఆశ పెట్టుకోలేం. అంటే బండికి బీమా ఉన్నా అందులోని వేషగాళ్లకు లేనట్టే.

స్త్రీలు, పిల్లలు

బయటి ఊళ్ల నుంచి చంద్రమతి, సత్యభామ వేషాలకు వచ్చే స్త్రీలకు ఎదురయ్యే ప్రమాదం వేరు. బట్టలు మార్చుకోవడానికి తడకల చాటు, తాగి గద్దె దగ్గరికి వచ్చేవాళ్లు, తెల్లవారే దాకా బస్సు లేని ఊరు. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం అసంఘటిత రంగానికీ వర్తిస్తుంది. పది మంది కన్నా తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయిలో ఏర్పడే స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఈ కమిటీ ఒకటి ఉందన్న సంగతి గద్దె ఎక్కే ఎంతమంది స్త్రీలకు తెలుసు? తెలియజేయాల్సింది జిల్లా యంత్రాంగమే.

లోహితాస్యుడు, ప్రహ్లాదుడు, లవకుశులు పిల్లల వేషాలు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం వినోద రంగంలో పిల్లల ప్రదర్శనను కొన్ని షరతులతో అనుమతిస్తుంది. నియమాల ప్రకారం రోజుకు ఐదు గంటలు, విరామం లేకుండా మూడు గంటలు మించకూడదు. ఊరి పండుగ నాటకంలో పిల్లవాడు వేషం కట్టడాన్ని ఎవరూ నేరంగా చూడరు. కానీ పిల్లల ఘట్టాలను రాత్రి తొలి భాగంలోనే ముగించి వాళ్లను నిద్రకు పంపడం చట్టం చెప్పకపోయినా చేయాల్సిన పని.

చట్టం చూపు ఎటువైపు?

బ్రిటిష్ ప్రభుత్వం 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం గద్దె మీద ఏం మాట్లాడుతున్నారన్నది చూసింది, గద్దె గట్టిగా ఉందా అన్నది చూడలేదు. దాన్ని 2018 జనవరిలో అమల్లోకి వచ్చిన రద్దు చట్టంతో కేంద్రం తొలగించింది. దాని స్థానంలో ప్రదర్శకుల భద్రత గురించి చెప్పే ప్రత్యేక చట్టం రాలేదు. కాబట్టి ప్రమాదం జరిగితే వర్తించేవి సాధారణ చట్టాలే.

నేరం వైపు నుంచి చూస్తే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఉంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. ప్రాణాపాయం కలిగించే నిర్లక్ష్యానికి 125, నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి 287 సెక్షన్లు ఉన్నాయి. పరిహారం వైపు చూస్తే, మనిషి చనిపోతే అతని మీద ఆధారపడ్డవాళ్లు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ దావా వేయవచ్చు. ‘ఇష్టపడే వేషం కట్టాడు, మా తప్పేముంది’ అన్న వాదన నిర్వాహకుల నిర్లక్ష్యం రుజువైన చోట నిలవదు. పరిహారం ఇప్పించే కార్మిక చట్టాలు ఉన్నా వాటికి యజమాని అంటూ ఒకరు కావాలి. అందరూ చందాలు వేసుకుని ఆడే జట్టులో యజమాని ఎవరు?

ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. రిజిస్టర్ కాని జట్టుకు చట్టం దృష్టిలో వేరే అస్తిత్వం లేదు. దాని తరఫున ఒప్పందం చేసుకున్నవాడే దానికి జవాబుదారీ. జట్టు డబ్బుకు ఆడి లాభం పంచుకుంటుంటే దాన్ని 1932 చట్టం కింద భాగస్వామ్యంగా చూసే అవకాశమూ ఉంది. అప్పుడు ఒక్కొక్కరూ మొత్తం అప్పుకు బాధ్యులవుతారు. ఠాణాలో అనుమతి కాగితం రాసే వేళ ఏం జరుగుతుందో ఊరివాళ్లందరికీ తెలుసు. “అన్నా, ఠాణాల నీ పేరే రాపిద్దం, ఎస్సై సారుకు నువ్వైతే ఎరుకున్నోనివి” అంటాడు ఒకడు. “సరే తియ్ తమ్మీ, రాయిండ్రి, ఏమైతది?” అంటాడు పెద్దాయన. జాగ్రత్తలన్నీ మావేనని హామీ ఇచ్చిన ఆ సంతకం, ప్రమాదం జరిగిన మర్నాడు కేసులో మొదటి పేరవుతుంది. బయానా ఇచ్చిన ఉత్సవ కమిటీ, మైకు సెట్టు వాడు, షామియానా వాడు, బండి యజమాని తలా ఒక వైపు తప్పుకుంటారు. సంతకం పెట్టినవాడు మంచితనంతో ముందుకొచ్చినవాడు. అతని భూమి, ఇల్లు అందరి తప్పుకూ తాకట్టులా మారడం అన్యాయం.

ఉన్న రక్షణలు, వాటి మధ్య ఖాళీ

తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. 2022లో వచ్చిన నేతన్న బీమా చేనేత కార్మికులకు అంతే ఇస్తుంది. ఒకే జట్టును తీసుకుని చూడండి. హరిశ్చంద్రుడు పట్టాదారు పాసు పుస్తకం ఉన్న రైతు. నక్షత్రకుడు గద్వాల మగ్గం మీద పనిచేసే నేతన్న. ఇద్దరికీ ఎంతో కొంత ధైర్యం ఉంది. హార్మోనియం వాయించే భూమిలేని కళాకారుడికి ఏదీ లేదు. అందరిలోకీ ఎక్కువ రాత్రులు, ఎక్కువ ఊళ్లు తిరిగేది అతనే. కళే జీవనంగా ఉన్నవాడికి కళాకారుడిగా బీమా లేకపోవడం ఈ మొత్తం వ్యవస్థలో కొట్టొచ్చినట్టు కనిపించే లోటు.

ఈ ఖాళీని కొంత పూడ్చగలిగేది ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి కోసుకుంటారు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగులైనా 2 లక్షలు, పాక్షికంగానైతే లక్ష. 436 రూపాయల జీవన జ్యోతి బీమా 50 ఏళ్ల లోపు చేరినవాళ్లకు మరో 2 లక్షలు ఇస్తుంది, సహజ మరణానికి కూడా. గుండెపోటుతో గద్దె మీదే ఒరిగిపోయే నటుల వార్తలు వింటున్నాం కనుక ఇదీ ముఖ్యమే. రోడ్డు ప్రమాదాల్లో తొలి ఏడు రోజులకు లక్షన్నర వరకు నగదు లేని చికిత్స పథకం 2025లో వచ్చింది. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో చికిత్స కాస్త దగ్గరైంది. ఇవన్నీ దెబ్బ తిన్నవాడికి పనికొస్తాయి. ప్రేక్షకుడికి దెబ్బ తగిలితే నిర్వాహకుణ్ని కాపాడే బాధ్యతా బీమా సాధారణ బీమా కంపెనీల దగ్గర దొరుకుతుంది గానీ, మన పల్లె జట్లు దాని పేరు కూడా వినలేదు.

నియమాలు నాటకాన్ని చంపుతాయా?

నాటకాన్ని ప్రేమించేవాళ్లు చేసే అభ్యంతరం ఒకటుంది. ఇన్ని కాగితాలు అడిగితే ఊళ్లో ఎవరూ గద్దె ఎక్కరు అని. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటాక ఆరుబయట మైకు వాడకూడదు. ఏడాదిలో 15 రోజులు మించకుండా పండుగల వేళ అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. తెల్లవార్లూ ఆడే నాటకం దీంతో చట్టం బయటే నిలబడాల్సి వస్తోంది. చూసీచూడనట్టు ఊరుకునే అధికారి దయ మీద కళ బతకడం మంచిది కాదు. అలా చట్టానికి చాటుగా ఆడే జట్టు మిగతా జాగ్రత్తల గురించి కూడా ఎవర్నీ అడగలేదు.

పొరుగున కర్ణాటక తీరంలో ఈ ప్రశ్నను ముందే ఎదుర్కొన్నారు. కటీలు దుర్గాపరమేశ్వరి ఆలయ యక్షగాన మేళాలు 2022లో రాత్రంతా ఆడే పద్ధతి నుంచి సాయంత్రం మొదలై రాత్రి పది పదిన్నరకు ముగిసే పద్ధతికి మారాయి. దానిపై వాదోపవాదాలు జరిగాయి గానీ యక్షగానం చచ్చిపోలేదు. ఉడుపిలోని యక్షగాన కళారంగ సంస్థ కళాకారులకు బీమా, ఇళ్లు వంటి సాయం అందిస్తోంది. కళ మీద గౌరవం ఉన్న సమాజం కళాకారుడి కుటుంబం గురించి కూడా ఆలోచించగలదని ఆ ప్రాంతం చూపిస్తోంది. మన దగ్గర పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టే చేతులకు కొదవ లేదు. అదే ప్రేమను ఆ పద్యం పాడిన మనిషి మీదికి మళ్లించాలి.

చేయదగ్గవి

మొదటిది, జట్టుకు చట్టబద్ధమైన పేరు. ఏడుగురు సభ్యులుంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. అప్పుడు ఒప్పందం, ఖాతా, బీమా, దావా అన్నీ సొసైటీ పేరున ఉంటాయి. నిర్లక్ష్యం చేసిన వ్యక్తికి నేర బాధ్యత తప్పకపోయినా, అందరి అప్పు ఒక్కడి ఇంటి మీదికి రాదు.

రెండోది, బయానా రోజే ఒక పేజీ ఒప్పందం. కరెంటు, గద్దె, షామియానా ఉత్సవ కమిటీ బాధ్యత. వేషం, ఆయుధాలు, నిప్పు జట్టు బాధ్యత. రాకపోకల బండి ఎవరు పెట్టాలో, స్త్రీలకు గది ఎవరు చూపాలో అందులో రాయాలి. తెలుగులో పది వాక్యాల నమూనా తయారు చేసి పోలీసు అనుమతి దరఖాస్తుతో పాటే ఇవ్వవచ్చు.

మూడోది, తెర లేవడానికి ముందు అరగంట పరిశీలన. తీగల అతుకులు, బ్రేకరు, గద్దె కాళ్లు, నాలుగు బకెట్ల ఇసుక, రెండు బయటి దారులు, 108 నంబరు, బండి డ్రైవరు నిద్రపోయాడా లేదా అన్నవి మాస్టరు చూడాలి. పద్యం తప్పితే కసిరే మాస్టరుకు తీగ తప్పితే ఆట ఆపే అధికారం కూడా ఉండాలి. నాలుగోది, మనుషులను సరుకు బండి మీద ఎక్కించకపోవడం. తెల్లారాక మొదటి బస్సు దాకా ఆగేందుకు చోటు చూపించడం ఊరి మర్యాద.

అయిదోది, ప్రభుత్వం చేయాల్సింది. రైతుకు, నేతన్నకు ఇచ్చిన 5 లక్షల బీమా లాంటిది గుర్తింపు పొందిన గ్రామీణ కళాకారులకూ ఇవ్వాలి. భాషా సాంస్కృతిక శాఖ ఈ మూడు జిల్లాల్లో జట్ల వివరాలు నమోదు చేసి, విద్యుత్తు, అగ్నిమాపక సిబ్బందితో మాస్టర్లకు ఒక పూట శిక్షణ ఇప్పిస్తే అది పెద్ద ఖర్చు కాదు. జాతరల రాత్రులకు మైకు సడలింపును ముందే ప్రకటిస్తే జట్లు ధైర్యంగా ఠాణాకు వెళ్లి అనుమతి అడుగుతాయి.

వీటిలో ప్రభుత్వం కోసం ఆగాల్సినవి కొన్నే. 20 రూపాయల బీమా, ఒక పేజీ ఒప్పందం, అరగంట పరిశీలన జట్టు చేతిలోనే ఉన్నాయి. వచ్చే సంక్రాంతి తర్వాత మొదటి నాటకానికి బయానా తీసుకునే రోజున ఈ మూడూ పూర్తి చేయగలిగితే, ఠాణాలో సంతకం పెట్టే పెద్దాయన ఒంటరివాడు కాడు. హార్మోనియం మోసుకొచ్చే మనిషి ఇంట్లోవాళ్లకు కూడా ఒక హామీ ఉంటుంది.